స్టూలు కాళ్ళతో సహా నా నీడ

గౌరవనీయులైన పేట చరిత్ర సేకరణ కేంద్రం అధికారి గారి సముఖమునకు,

గొడుగుల కార్ఖానా వీధిలో, స్టూడియో వెనక వాటాలో కాపురముంటున్న, వీధి వీధంతా 'స్టూడియో తమ్ముడు' అని పిలిచే ఫోటోగ్రాఫరు వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: తమ కేంద్రం మొదటి గదిలో తలుపుకెదురుగా తగిలించిన 'గొడుగుల కార్ఖానా ఆడవాళ్ళు' అను ఛాయాచిత్రమునకు సంబంధించి (అ) తీసినవారి పేరు సరిచేయుట, (ఆ) కత్తిరించిన నీడను తిరిగి చేర్చుట, (ఇ) సదరు చిత్రమందలి నవ్వు ఎవరిని చూసి నవ్వినదో నమోదు చేయుట గురించి.

పై విషయమును పురస్కరించుకొని తమరికి విన్నవించుకొనునది ఏమనగా:

1. సదరు ఛాయాచిత్రం క్రింద తమరు అంటించిన చీటీలో, "కాబోయే భార్య నవ్వును కెమెరాలో బంధించిన మన పేట తొలి ఫోటోగ్రాఫరు" అని ఉన్నది. సదరు తొలి ఫోటోగ్రాఫరు మా అన్నయ్య. సదరు కాబోయే భార్య మా వదినగారు. ఇంతవరకు ఆక్షేపణ లేదు. బంధించినది మాత్రం నేను.

అన్నయ్య పోయి రెండేళ్ళయింది. పోయినవాళ్ళ మీద నిష్ఠూరాలు కూడదని నాకూ తెలుసు. అయితే గది ప్రారంభం నాడు తమరు మాట్లాడుతూ అన్నయ్య 'చూపు'ను మూడుసార్లు మెచ్చుకున్నారు. నేను నాలుగో వరసలో కూర్చుని లెక్కపెట్టాను. నా ముందు కూర్చున్న మందుల షాపాయన వెనక్కి తిరిగి, మీ అన్నయ్యది ఏం చెయ్యండీ, ఆ చేతికి దణ్ణం పెట్టాలి అంటూ నా చెయ్యే పట్టుకుని ఊపాడు. ఆయన పట్టుకున్న చెయ్యే అయ్యా, ఆ ఫోటో తీసింది. ఆ సంగతి చెబుదామని నోరు తెరిచేలోగా చప్పట్లు కొట్టడానికి నా చెయ్యి వదిలేసి అటు తిరిగిపోయాడు. సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అనలేదు పెద్దలు.

2. జరిగిన సంగతి ఇది. నలభై ఒక్క ఏళ్ళ క్రితం కార్ఖానాకు కొత్త షెడ్డు వేశారు. యజమాని గుర్తుగా ఒక ఫోటో కావాలన్నాడు. సరిగ్గా ఆ రోజే ఎవరో పెద్ద ఉద్యోగి పదవీ విరమణ సభ పడింది. అన్నయ్య మంచి కెమెరా భుజాన వేసుకుని, అక్కడికి నేను వెళ్తాను, కార్ఖానా వాళ్ళకు ఎవడు తీసినా ఒకటే, నువ్వు పో అన్నాడు. నాకు పాత కెమెరా, దాని మూడుకాళ్ళ స్టాండు దక్కాయి. ఆ స్టాండు మర అన్నయ్య ఎత్తుకు బిగించి ఉండి, తుప్పు పట్టి, కిందికి దిగేది కాదు. అన్నయ్య ఆరడుగుల మనిషి. నాకు భగవంతుడు అన్నీ సక్రమంగా ఇచ్చి ఎత్తు దగ్గర చెయ్యి బిగబట్టాడు. అందుచేత వాచ్‌మన్ గదిలోంచి ఒక స్టూలు తెప్పించుకుని ఎక్కాను. దానికి ఒక కాలు పొట్టి.

సాయంత్రం నాలుగయింది. గొడుగులకు బట్ట కుట్టేవాళ్ళు, పిడులు బిగించేవాళ్ళు, మొత్తం పద్దెనిమిది మంది ఆడవాళ్ళు రెండు వరసల్లో నిలబడ్డారు. ఎండ నా వీపున ఉంది. స్టూలు అటొక్కసారి ఇటొక్కసారి ఊగింది. నేను తూలి, నిలదొక్కుకుని, బటన్ నొక్కాను. అదే క్షణంలో ముందు వరసలో ఎడమనుంచి ఐదో అమ్మాయి నవ్వింది. పెదవులతో నవ్వే నవ్వు కాదు, మెడ వెనక్కి వాల్చి, కళ్ళు సగం మూసి, మనిషి మనిషంతా నవ్వింది. నేను దాన్ని కెమెరా గాజులోంచి చూశాను. ఈ ప్రపంచంలో ఆ నవ్వును జరుగుతుండగా ఆ గాజులోంచి చూసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ సమయానికి అన్నయ్య నాలుగు వీధులవతల ఎవరి మెడలోనో పూలదండ సర్దుతున్నాడు.

3. ఇక నీడ సంగతి. ఎండను వీపున పెట్టుకోవాలన్నది మా పనిలో మొదటి పాఠం. ఆ ఎండలో మన నీడ పోయి ఫోటోలో పడకుండా చూసుకోవాలన్నది రెండో పాఠం. మొదటిది నాకు ఒంటబట్టింది. సదరు ఫోటోలో అడుగున, మొదటి వరస వాళ్ళ పాదాల దగ్గరిదాకా, నా తల, నా రెండు మోచేతులు, వాటి కింద స్టూలు నాలుగు కాళ్ళు, అన్నీ నల్లగా పడ్డాయి.

చీకటి గదిలో నెగెటివ్ ఎత్తి చూసి అన్నయ్య అన్న మాట ఈనాటికీ నా చెవిలో ఉంది. "ఎండని వీపున పెట్టుకోమన్నాను గానీ, నిన్ను పోయి వాళ్ళ కాళ్ళ దగ్గర పడుకోమన్నానట్రా?" ఆ తర్వాత పని నేర్చుకోవడానికి ఎవరొచ్చినా అన్నయ్య ఆ ప్రింటు తీసి, ఫోటో ఎలా తీయకూడదో చూపించడానికి వాడేవాడు. అవతలివాడు నవ్వేవాడు. నేనూ నవ్వేవాణ్ణి. నవ్వక చస్తానా.

అటువంటి అవమానకరమైన నీడ నేడు నాకున్న ఏకైక సాక్ష్యం. అన్నయ్య జన్మలో స్టూలు ఎక్కి ఫోటో తీయలేదు. కాబట్టి స్టూలు కాళ్ళున్న నీడ ఆయనది కానేరదు. అది నా సంతకం అయ్యా. దాన్ని తమ కేంద్రంవారు, చూడ్డానికి బాగాలేదని, శుభ్రంగా కత్తిరించి పారేశారు. గది ప్రారంభం నాడు పంచిన తమ కరపత్రంలో నాలుగో నిబంధన, తీసినవారి అనుమతి లేనిదే చిత్రమును కత్తిరించుట, మార్చుట చేయరాదు అని చెబుతున్నది. నన్ను ఎవరు అడిగారు?

4. వదినగారు అనుమతి పత్రం మీద సంతకం చేసి ఇచ్చారని తమ రికార్డుల సెక్షన్ అమ్మాయి సెలవిచ్చింది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు ఉన్నది ఈ వ్యవహారం. నేను తీసిన ఫోటోకు వదినగారు ఎలా అనుమతి ఇస్తారు? అన్నయ్య తీసిన మిగతా ఫోటోలకు ఇవ్వవచ్చును, కాదనను.

పత్రంలో ఏమి వ్రాశారని అడిగితే, అది చూడనక్కర్లేదండీ, వెనక స్టాంపు ఉంటే మాకు స్టాంపే ప్రమాణం అన్నది ఆ అమ్మాయి. ప్రింటు తిప్పి చూపించింది. ఉన్నది. అన్నయ్య పేరుతో, ఊదారంగు సిరాతో, గుండ్రంగా, అక్షరం చెదరకుండా ఉన్నది. అంత నీటుగా ఎందుకున్నదంటే, వేసినవాణ్ణి నేను గనుక. స్టూడియో గడప దాటే ప్రతి ప్రింటు మీద స్టాంపు వేయడం ముప్ఫై ఏళ్ళు నా పని. నేను తీసినవాటి మీద కూడా అదే స్టాంపు. వేరే స్టాంపు చేయించాలని నాకూ తోచలేదు, ఆయనకూ తోచలేదు. నా గొయ్యి నేనే కొలత పెట్టి తవ్వుకున్నాను.

అయినా తమ కరపత్రంలోనే ఇంకొక మాట ఉన్నది. జీతానికి కుదిరిన మనిషి తీస్తే హక్కు యజమానిదట, కాకుంటే తీసినవాడిదట. పెళ్ళయిన కొత్తల్లో నేను జీతం సంగతి ఎత్తితే అన్నయ్య నొచ్చుకుని, ఇంట్లో మనిషికి జీతమేమిట్రా అన్నాడు. ఆ మాటకు అప్పట్లో చాలా బాధపడ్డాను. ఇప్పుడు ఆలోచిస్తే ఆయన నోటితో ఆయనే నాకు హక్కు రాసిచ్చాడు. జీతగాణ్ణి కానప్పుడు ఆ ఫోటో నాదే.

5. ఈ సంఖ్య క్రింద వ్రాయబోయేది అర్జీలో వ్రాయదగినది కాదు. అయినా వ్రాస్తున్నాను. తమకు విసుగైతే ఆరుకు వెళ్ళవచ్చును.

ఆ ఫోటో కడిగిన మర్నాడు అన్నయ్య లేని సమయం చూసి, ఆ ఒక్క అమ్మాయి ముఖాన్ని పెద్దది చేసి వేరే ప్రింటు వేసుకున్నాను. చుట్టూ ఉన్నవాళ్ళను బ్లేడుతో తీసేశాను. నా కోసమే వేసుకున్నాను, ఎవరికీ చూపించాలని కాదు. దండెం మీద ఆరేసి భోజనానికి వెళ్ళి వచ్చేసరికి అది షోకేసు అద్దంలో ఉంది. అన్నయ్య వీధి అవతల నిలబడి, నడుం మీద చేతులు పెట్టుకుని, దాన్ని చూస్తున్నాడు. చాలాసేపు చూశాడు. ఆరడుగుల మనిషి అలా నిలబడి చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది. నాకూ అర్థమైంది.

నెల తిరక్కుండా సంబంధం మాట్లాడటానికి అమ్మ బయలుదేరింది. పెళ్ళికొడుకు పనితనంగా వాళ్ళకు చూపించడానికి ఆ ప్రింటు కవరులో పెట్టమని అన్నయ్య నాతోనే చెప్పాడు. పెట్టాను. పెట్టేముందు వెనక స్టాంపు కూడా వేశాను.

అక్కణ్ణుంచి ఆయన కథ మొదలయింది. ఇంటికి ఎవరొచ్చినా, "నేను కెమెరాలోంచి చూస్తున్నానా, ఆ పద్దెనిమిది మందిలో ఈవిడ ఒక్కతే నన్ను చూసి నవ్వింది. అప్పుడే అనుకున్నాను" అనేవాడు. మొదట్లో సరదాకి అనేవాడు. చెప్పగా చెప్పగా నమ్మేశాడు. ఆయన ఆ కథ ఎత్తుకోగానే వదినగారు మంచినీళ్ళు తెస్తానని లోపలికి వెళ్ళేవారు. అవునని గానీ కాదని గానీ ఆవిడ నోట ఏనాడూ వినలేదు. నేను గోడకు ఆనుకుని నిలబడి కథ పూర్తయ్యేదాకా వినేవాణ్ణి. ఒకే ఒక్కసారి ఉండబట్టలేక, అన్నయ్యా, ఆ రోజు నువ్వు అక్కడ లేవు కదా అన్నాను. వచ్చిన చుట్టాల ముందు ఆయన నన్ను ఎగాదిగా చూసి అన్నాడు. "స్టూడియో నాది, కెమెరా నాది, ఫిల్ము నాది. నువ్వు నొక్కావంతే."

అంతే అయ్యా. నేను నొక్కానంతే.

దీనిని అసూయ అంటారని నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆయన మంచి కెమెరా మీద అసూయ పడ్డాను, ఎత్తు మీద పడ్డాను, ఆయన కథ చెబుతుంటే జనం వినే తీరు మీద పడ్డాను. ఆయన పోయాక తగ్గుతుందనుకున్నాను. తమరు ఆయనకు ఏకంగా ఒక గది ఇచ్చారు. నేను తీసి, నా చేతులతో తెచ్చి ఇచ్చిన ముప్ఫై ఆరు ఫోటోలు మూడో గదిలో కింది డ్రాయరులో 'ఇతరములు' అను చీటీ క్రింద ఉన్నవి. ఆ డ్రాయరు సగం దాకా వచ్చి ఇరుక్కుంటుంది. కడుపు మండదా?

అన్నింటికన్నా నన్ను కోసేది వేరొకటి. తీసింది ఎవరో వదినగారికి తెలుసు. స్టూలు మీద ఊగింది ఎవరో ఆవిడ కళ్ళారా చూశారు. తెలిసి కూడా అన్నయ్య పేరు మీద సంతకం పెట్టి ఇచ్చారు. ఎందుకలా చేశారని అడుగుదామని పై వాటాకు మెట్లెక్కాను. పద్నాలుగు మెట్లు. ఏడో మెట్టు మీద కాసేపు నిలబడి దిగి వచ్చేశాను.

6. ఈ అర్జీ చిత్తుప్రతి చదివి మా ఆవిడ అన్న మాట కూడా దాచకుండా విన్నవించుకుంటున్నాను. ఆవిడ ఇంట్లో కుట్టుపని చేస్తుంది. తిన్నింటి వాసాలు లెక్కపెడుతున్నారు అన్నది ముందు. తర్వాత మిషను ఆపి అడిగింది.

"మీకు కావాల్సింది పేరా, ఆ నవ్వా?"

రెండూ అన్నాను. ఆవిడ దారం పంటితో కొరికి, ముప్ఫై రెండేళ్ళలో మీరు నన్ను పాస్‌పోర్టు సైజులో తప్ప తీయలేదు, దానికి ఎవరికి పెట్టుకోను అర్జీ అని మళ్ళీ తొక్కడం మొదలుపెట్టింది. ఈ ఆరోపణ వాస్తవమే. అయితే అది తమ శాఖ పరిధిలోకి రాదు.

కావున తమరు దయతో పై సంగతులు విచారించి, చీటీ మీద అన్నయ్య పేరు తీసి నా పేరు వేయించి, నీడను స్టూలు కాళ్ళతో సహా యథాస్థానమున నిలిపి, సదరు నవ్వు ఈ అర్జీదారుని చూసి నవ్విన నవ్వేనని రిజిస్టరులో ఎక్కించవలసిందిగా ప్రార్థన. నలభై ఒక్క ఏళ్ళు ఆగినవాణ్ణి, ఇంకొక వారం ఆగగలను, అంతకన్నా ఆగలేనని కూడా తమరు చిత్తగించవలెను.

ఇట్లు, స్టాంపు లేని,
తమ విధేయుడు,
స్టూడియో తమ్ముడు

తా.క.: అయ్యా, ఇది తమ ఆఫీసు కౌంటరు మీదనే నిలబడి వ్రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతే మన్నించాలి.

అర్జీతోపాటు ఫోటో ఇచ్చినవారి అనుమతి పత్రం నకలు జతచేయాలి, లేకపోతే నంబరు పడదని రికార్డుల అమ్మాయి అన్నది. లోపలికి వెళ్ళి వదినగారి పత్రం నకలు తీసి తెచ్చింది. తొందరలో నేను కళ్ళజోడు మరిచిపోయి వచ్చాను. వెంట వచ్చిన మా ఆవిడ అందుకుని పైకి చదివింది. ఉన్నది ఉన్నట్టు వ్రాస్తున్నాను.

చిత్రము తీసినవారు: "మా మరిది. వెనక స్టాంపు చూసి పొరపడకండి. కింద నీడ ఉంది, అందులో స్టూలు కాళ్ళు కనపడతాయి. మా ఆయన స్టూలు ఎక్కే మనిషి కాదు."

కత్తిరించుటకు అనుమతి ఉన్నదా: "లేదు. నీడ ఉండాలి."

ఏడో మెట్టు మీదనుంచి దిగిపోయిన నా మొహం మీద నేనే కొట్టుకోవాలనిపించింది. మందుల షాపాయన అక్కడ ఉంటే బాగుండుననీ అనిపించింది. ఇంకా ఉంది, వినండి అని మా ఆవిడ కాగితం తిప్పింది.

చిత్రమును గూర్చి తెలుపదలచినది: "నేను ఫోటో తీసే మనిషిని చూసి నవ్వానని మా ఇంట్లో ఒక కథ ఉంది. మా ఆయన ఉన్నన్నాళ్ళూ కాదనలేదు, ఆయన సరదా ఆయనది. ఇప్పుడు చెబుతున్నాను. నేను ఎవర్నీ చూసి నవ్వలేదు. నా ఎడమపక్కన ఉన్న మనిషి చెవిలో ఒక మాట అంది, దానికి నవ్వాను. తను గొడుగులకు పిడులు బిగించేది. పోయి చాలా ఏళ్ళయింది. ఆ ఫోటో తప్ప తనది ఇంకో ఫోటో లేదు. తన పేరు ఈ పత్రం చివర రాశాను. నా పేరు వేయకపోయినా పర్వాలేదు, తన పేరు వేయండి."

అనుమతి నిరాకరించు అంశములేమైనా ఉన్నవా: "తను ఏమన్నదో ఎవరూ అడగవద్దు. అది మా ఇద్దరిది."

మా ఆవిడ కాగితం మడిచి నా చేతిలో పెట్టింది. ఇద్దరం మొదటి గదిలోకి వెళ్ళి ఆ ఫోటో ముందు నిలబడ్డాం. వదినగారి పక్కన ఒక మనిషి ఉంది. సన్నటి మనిషి. తల ఇటు వంచి ఉంది, నోరు వదినగారి చెవి దగ్గర ఉంది. నలభై ఒక్క ఏళ్ళుగా ఆ ఫోటో చూస్తున్నాను, ఆ మనిషిని ఈ రోజు చూశాను. నేను వేసుకున్న పెద్ద ప్రింటులోంచి బ్లేడుతో తీసేసింది ఈవిడనే. వదినగారి భుజం మీద ఈవిడ జుట్టు కాస్త మిగిలితే దాన్ని కూడా కుంచెతో చెరిపేశాను. శుభ్రంగా ఉండాలని. నా నీడను కత్తిరించారని తమరి మీద అర్జీ పెట్టిన పెద్దమనిషిని నేను.

మా ఆవిడ కొంగుతో ఫోటో అద్దం మీది దుమ్ము తుడిచింది. తర్వాత అన్నది.

"పేరు అడగండి. నవ్వు వదిలేయండి."

కావున విషయంలోని (ఇ) అను అంశమును ఉపసంహరించుకుంటున్నాను. దానిని ఈ కౌంటరు మీదనే కొట్టివేసి సంతకం చేశాను. ఫోటో హక్కు తీసినవాడిదే కావచ్చు. నవ్వు హక్కు నవ్విన మనిషిదని తమ కరపత్రంలో ఎక్కడా లేదు, చేర్చుకుంటే మంచిది. దాని స్థానంలో, ఎడమనుంచి ఆరో మనిషి పేరు, వదినగారు వ్రాసిచ్చిన ప్రకారం, చీటీలో అందరికన్నా ముందు వేయవలసిందిగా ప్రార్థన. (ఆ) యథాతథం. (అ) సంగతి వచ్చేసరికి, నా పేరు అక్కర్లేదని వ్రాసి పెద్దమనసు చాటుకుందామని ఒక నిమిషం అనిపించింది. అంత మనసు నాకు లేదు. నా పేరు కూడా వేయండి.

అన్నయ్య మీద నా అసూయ ఇంతటితో చాలావరకు చల్లారిందని మనవి. పాపం ఆయనా నాలాగే మోసపోయాడు. అయితే అది పోతూ పోతూ ఆ పిడులు బిగించే మనిషి మీదకు తిరిగింది. నా ఖర్మ కొద్దీ నాకు పేచీలన్నీ పోయినవాళ్ళతోనే వస్తున్నాయి.

వదినగారు అడగవద్దని వ్రాశారు గనుక అడగను. ఇంటికి వెళ్ళి, ఈసారి పద్నాలుగు మెట్లూ ఎక్కి, నీడ తిరిగి వేయమని చెప్పి వచ్చానని మాత్రం చెబుతాను. ఆవిడ మంచినీళ్ళు ఇస్తారు. తాగి దిగి వచ్చేస్తాను.

కానీ అయ్యా, ఏమని ఉంటుంది?